హజ్‌కు పేరొచ్చాకే నడక గుర్తొస్తోంది

హజ్ కమిటీ జాబితాలో పేరు వచ్చిందని తెలిసిన మర్నాటి నుంచే ఆ ఇంట్లో తేడా కనిపిస్తుంది. అరవై దాటిన పెద్దాయన ఫజర్ నమాజ్ అయ్యాక ఇంటికి రాకుండా బస్టాండ్ వైపు నడక మొదలుపెడతారు. ఆయన భార్య డాబా మీదే పది చుట్లు తిరుగుతుంది. కొత్త బూట్లు వస్తాయి. అడుగులు లెక్కపెట్టే యాప్ ఒకటి కొడుకు ఫోన్‌లో వేసి ఇస్తాడు. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు సఈ చేయాలంటేనే మూడు కిలోమీటర్ల పైమాట. తవాఫ్ వేరు. మీనా, అరఫాత్, ముజ్దలిఫాల్లో తిరగడం వేరు. అక్కడ పడిపోతే ఎలా అన్న భయం ఇంటిల్లిపాదికీ ఉంటుంది. అంతకుముందు ముప్ఫై ఏళ్లపాటు ఆ మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. తిరిగొచ్చిన నెల రోజులకు ఆ బూట్లు మంచం కిందికి చేరతాయి.

పామర్రు నుంచి మచిలీపట్నం వరకు, ఇటు గుడివాడ నుంచి విజయవాడ వరకు ముస్లిం కుటుంబాల్లో ఇది తెలిసిన కథే. 2023లో గన్నవరం విమానాశ్రయం నుంచే హజ్ విమానాలు బయల్దేరడంతో జిల్లా వాళ్లకు ప్రయాణం దగ్గరైంది. శరీరమే ఇంకా సిద్ధంగా లేదు. 2024 హజ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది అనుమతి లేకుండా వచ్చి, నీడ లేని దారుల్లో ఎండలో దూరం నడిచినవాళ్లేనని సౌదీ అధికారులు చెప్పారు. కాబట్టి ఆ మరణాలను ఒంట్లో సత్తువ లేకపోవడం మీదికి నెట్టడం సరికాదు. చంపింది ఎండ. కాకపోతే ఆ వార్త వచ్చాక చాలా ఇళ్లలో ఒక మాట నడిచింది: "అమ్మీని పంపాలంటే ముందు వీధి చివరిదాకా నడిపించాలి."

ఆ మాట హజ్‌కు ఆరు నెలల ముందు కాకుండా అమ్మీకి ముప్ఫై ఏళ్లున్నప్పుడు ఎందుకు రాలేదన్నదే అసలు సంగతి.

పని పోయింది, ఆ చోటు ఖాళీగా మిగిలింది

బద్ధకం అని కొట్టిపారేయడం తేలిక. నిజానికి ఈ ప్రాంతపు ముస్లింలు తరతరాలుగా ఒళ్లు వంచి బతికినవాళ్లే. కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాలనే తీసుకుందాం. దూదేకడం వాళ్ల కులవృత్తి. బారెడు విల్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొయ్యతో నారి మీద కొడుతూ గంటల తరబడి దూది ఏకాలి. భుజాలకు, నడుముకు, ఊపిరితిత్తులకు అంతకు మించిన కసరత్తు ఏ జిమ్‌లోనూ దొరకదు. (ఆ దూది దుమ్ము ఊపిరితిత్తులకు చేసిన చెరుపు వేరే కథ. పాత పనులన్నీ ఆరోగ్యాన్నే ఇచ్చాయని మురిసిపోనక్కర్లేదు.) తర్వాత ఏకుడు మిషన్లు వచ్చాయి, ఆ వెనక ఫోమ్ పరుపులు వచ్చాయి. విల్లు అటక ఎక్కింది.

మిగతా పనులదీ అదే దారి. సైకిల్ మీద ఊరూరా తిరిగి గాజులు, బట్టలు, పాత సామాన్లు అమ్మినవాళ్ల పిల్లలు ఇప్పుడు కొట్లో కూర్చుంటున్నారు, లేదా ఆటో నడుపుతున్నారు. డెల్టాలో వరికోత మిషన్లదే అయింది. ఇళ్లలో తిరగలి, రుబ్బురోలు, రోకలి పోయి మిక్సీ, గ్రైండర్ వచ్చాయి. నీళ్లు కుళాయిలో వస్తున్నాయి. ఇవన్నీ రావాల్సినవే. నడుములు విరిగేలా పిండి రుబ్బమని ఏ ఆడపిల్లకూ ఎవరూ చెప్పకూడదు. కానీ పనితోపాటు పోయిన కదలికను తిరిగి తెచ్చేది ఏదీ ఆ చోటులోకి రాలేదు. పట్నంలో డబ్బున్నవాళ్లకు పార్కు వచ్చింది, వాకింగ్ ట్రాక్ వచ్చింది, జిమ్ వచ్చింది. పామర్రు లాంటి మండల కేంద్రానికి నాలుగు వరసల హైవే వచ్చింది. విజయవాడ–మచిలీపట్నం 65వ నంబర్ జాతీయ రహదారి, గుడివాడ మీదుగా భీమవరం వైపు పోయే 165వ నంబర్ రహదారి కలిసే ఊరిది. లారీలకు మంచి దారే. తెల్లారకముందు నడకకు బయల్దేరే డెబ్బై ఏళ్ల మనిషికి మాత్రం అది దారి కాదు, ప్రమాదం.

దేశం మొత్తం పరిస్థితి కూడా ఇంతే. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024 జూన్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2022లో భారతదేశంలో పెద్దవాళ్లలో 49.4 శాతం మందికి కావాల్సినంత శారీరక శ్రమ లేదు. 2000లో ఇది 22.3 శాతమే. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. ప్రపంచ సగటు 31 శాతం. ఇలాగే సాగితే 2030 నాటికి దేశంలో పదిమందిలో ఆరుగురు ఈ లెక్కలోకి వస్తారని అంచనా. దీని పక్కనే ఇంకో లెక్క పెట్టుకోవాలి. ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని తేల్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువ ఉన్నారు. అదే సర్వేలో 58.8 శాతం మందికి రక్తహీనత. బరువు ఎక్కువ, రక్తం తక్కువ. వైరుధ్యంలా కనిపించే ఈ రెండూ తరచు ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉంటాయి. రక్తం లేని అమ్మాయి మెట్లెక్కితే ఆయాసపడుతుంది. ఆయాసం వస్తుందని ఎక్కడం మానేస్తుంది. ఆమెకు ముందు కావాల్సింది ఉపన్యాసం కాదు, ఐరన్ మాత్ర.

ఎంత కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ చాలంటున్నాయి. ఓ మాదిరి అంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున గంట. 65 దాటినవాళ్లకు అదనంగా వారానికి మూడు రోజులు పట్టు తప్పకుండా నిలబడే సాధన. గర్భిణులను కూడా వదల్లేదు, డాక్టరు వద్దంటే తప్ప వాళ్లకూ వారానికి 150 నిమిషాలు మంచిదే.

అమ్మాయికి పన్నెండేళ్లు, అబ్బాయికి పదిహేనేళ్లు

చిన్నపిల్లలను ఎవరూ కదలమని చెప్పక్కర్లేదు, వాళ్లను కూర్చోబెడుతున్నది పెద్దవాళ్లే. అన్నం తినిపించడానికి ఫోన్ చేతికివ్వడం ఇప్పుడు పల్లెల్లోనూ మామూలైంది. రెండేళ్లు నిండనివాళ్లకు స్క్రీన్ వద్దే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. బడి ఈడు వచ్చాక ఇంకో చిక్కు. నాలుగింటికి బడి అవుతుంది, ఆ తర్వాత ట్యూషన్, మధ్యలో అరబీ చదువు. మూడూ ముఖ్యమే అనుకున్నా, అసర్‌కు మగ్రిబ్‌కు మధ్య ఉండే ఆ ఒక్క గంట ఎటు పోయిందో ఇంట్లో ఎవరూ లెక్క చూసుకోరు. వెనకటి పిల్లలకు ఆట ఆ వేళలోనే ఉండేది.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి అమ్మాయి విషయంలో తలుపు మూసుకుంటుంది. అది ముస్లిం ఇళ్లలోనే జరుగుతుందనుకుంటే పొరపాటు, అన్ని కులాల్లోనూ ఉంది. 11–17 ఏళ్ల పిల్లలపై 146 దేశాల లెక్కలతో 2019లో వచ్చిన అధ్యయనంలో ప్రపంచవ్యాప్తంగా 85 శాతం అమ్మాయిలకు, 78 శాతం అబ్బాయిలకు చాలినంత శ్రమ లేదని తేలింది. కాకపోతే ఇక్కడ దానికి మతం పేరు పెట్టి నోరు మూయించడం తేలిక. ప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారన్న హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. పర్దాకు, పరుగుకు మధ్య ఉన్న అడ్డంకి దీన్‌లో కన్నా వీధిలో ఎక్కువ. ఎవరు చూస్తారు, ఎవరేమంటారు, రేపు సంబంధాలు ఎలా వస్తాయి అన్నవే ఆ అడ్డంకులు.

ఇక్కడ నిఖత్ జరీన్ పేరు తప్పకుండా వస్తుంది. నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మొదట్లో చుట్టాలు, ఇరుగుపొరుగు అన్న మాటలను తండ్రి జమీల్ అహ్మద్ పట్టించుకోలేదు. గొప్ప కథే, సందేహం లేదు. కానీ ఛాంపియన్ల కథలు ఒక్కోసారి అడ్డం కూడా వస్తాయి. "మా అమ్మాయి నిఖత్ కాలేదు కదా, ఇక ఆటలెందుకు" అనుకునే తండ్రే ఎక్కువ. పతకం రాని తొంభై తొమ్మిది మంది అమ్మాయిలకు ఆట ఎందుకు కావాలో చెప్పేవాళ్లు తక్కువ. ఎముకలో గట్టిదనం చాలావరకు ఇరవైల్లోపే కూడబెట్టుకోవాలి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లు ఖర్చుపెట్టుకునేది ఆ నిల్వనే. పన్నెండేళ్లకు ఆగిన తాడాట అరవై ఏళ్లకు విరిగిన తుంటి ఎముకై తిరిగి రావచ్చు.

అబ్బాయిల వంతు పదో తరగతి తర్వాత వస్తుంది. విజయవాడ చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో చేర్చడానికి డెల్టా తల్లిదండ్రులు అప్పులు కూడా చేస్తారు. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్ రాత్రి పదింటిదాకా సాగుతుంది. బిల్డింగే క్యాంపస్. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాశారు, కానీ ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. ఎత్తు, కండ పెరిగే ఆ రెండేళ్లు పిల్లవాడు కుర్చీలోనే గడుపుతాడు. ర్యాంకు వస్తే వస్తుంది, వచ్చినా రాకపోయినా నడుము చుట్టూ టైరు మాత్రం వస్తుంది. ఫీజు కట్టేటప్పుడు ల్యాబ్ ఉందా, ఏసీ ఉందా అని అడిగే తండ్రులు గ్రౌండ్ ఉందా అని కూడా అడగడం మొదలుపెడితే కాలేజీల లెక్క కొంత మారుతుంది.

నడివయసు మగవాళ్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. రెండు వీధుల అవతల ఉన్న మసీదుకు బైక్ మీద వెళ్లి, వచ్చాక మోకాళ్ల నొప్పి అనే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. పొద్దున కొట్టు తీసి రాత్రి పదింటికి కట్టేసి, పదకొండుకు బిర్యానీ తిని పడుకుంటే షుగర్ రాక ఏమవుతుంది? దక్షిణాసియా వాళ్లకు మిగతా జాతుల కన్నా తక్కువ బరువులోనే షుగర్ వస్తుందని తేలింది కాబట్టే, ఇక్కడ మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల నడుము కొలతను హద్దుగా పెట్టారు. తూకం కన్నా దర్జీ టేపే ముందు నిజం చెబుతుంది. నమాజ్‌లో రుకూ, సజ్దా ఉన్నాయి కదా, అదే వ్యాయామం కదా అనేవాళ్లూ ఉన్నారు. కీళ్లు బిగుసుకోకుండా అది కొంత సాయపడవచ్చు, కానీ అది ఇబాదత్. దాన్ని కసరత్తు ఖాతాలో వేసుకుని నడక ఎగ్గొట్టడం రెండిటికీ న్యాయం కాదు.

"రోజంతా పనే కదా"

ఇళ్లలో ఆడవాళ్ల నుంచి వచ్చే జవాబు ఇదే, అది అబద్ధం కూడా కాదు. ఇంటి పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం శ్రమగానే లెక్కిస్తుంది, ఊపిరి వేగం పెరిగితే. ఇల్లు కడగడం, బట్టలు ఉతకడం లెక్కలోకి వస్తాయి. పొయ్యి ముందు మూడు గంటలు నిలబడటం రాదు. అది అలసట, సత్తువ కాదు. సాయంత్రానికి కాళ్లు లాగుతాయి, గుండె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇద్దరు కాన్పుల తర్వాత నడుంనొప్పి, నలభైల్లో థైరాయిడ్ లేదా బీపీ, యాభైల్లో మోకాళ్లు. ఇవి నుదుటిరాత కాదు. ఎక్కువ భాగం తప్పించుకోగలిగినవే, లేదా వెనక్కి నెట్టగలిగినవే.

మోకాళ్ల దగ్గర ఒక అపోహ తీరాలి. నొప్పి ఉంది కాబట్టి కదలకూడదని చాలామంది అనుకుంటారు. అరిగిన మోకాలికి తొడ కండరమే ఊతకర్ర. కదలకపోతే ఆ కండరం కరుగుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మసీదుల్లో వెనక వరసలో కుర్చీలు పెరుగుతున్నాయి. నిజమైన ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉండాల్సిందే. అయితే అదే కుర్చీని ఇంట్లో మందుగా వాడొచ్చు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, కూర్చోవడం, కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టడం. పెద్దవయసులో మంచాన పడేసేది ఎక్కువగా బాత్రూమ్‌లో ఒక్క జారుడే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. షుగర్ పడిపోతే తినడానికి జేబులో బిళ్లో చక్కెరో ఉంచుకోవాలి. వయసు అడ్డం అనేవాళ్లకు పక్క ఊరి సంగతే ఒకటుంది. మచిలీపట్నం మూలాలున్న సి.కె.నాయుడు అరవై దాటాక కూడా రంజీ ట్రోఫీ ఆడారు.

సర్కారుకు పండగ తెలుసు, రోజువారీ తెలియదు

రాష్ట్రంలో వ్యాయామం మీద ఖర్చు జరగడం లేదనలేం. 2023 డిసెంబర్ 26న "ఆడుదాం ఆంధ్రా" మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసింది. క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. సచివాలయం స్థాయి నుంచి పోటీలు. పదిహేను దాటినవాళ్లకే. పోటీలు అయ్యాక కిట్లు బీరువాల్లోకి వెళ్లాయి. ప్రభుత్వం మారింది. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానం ఒలింపిక్ బంగారు పతకానికి బహుమతిని 7 కోట్ల రూపాయలకు పెంచింది, ఉద్యోగాల్లో క్రీడల కోటాను 3 శాతం చేసింది. 2025 జూన్ 21న విశాఖ తీరంలో ప్రధానితో సుమారు 3 లక్షల మంది యోగా చేశారు, దానికి ముందు నెల రోజులు "యోగాంధ్ర" నడిచింది. యోగా విషయంలో కొన్ని ముస్లిం కుటుంబాలకు అభ్యంతరం ఉంది, కొన్నింటికి లేదు. ఆ చర్చ పక్కన పెట్టినా ఒకటి మిగులుతుంది. ఇవన్నీ పండగలు. పతకానికి డబ్బుంది, రికార్డుకు ఏర్పాట్లున్నాయి, పామర్రులో సాయంత్రం ఐదింటికి ఒక నలభై ఏళ్ల ఆడమనిషి భయం లేకుండా నడవడానికి అరకిలోమీటరు చదునైన చోటు మాత్రం ఏ పథకంలోనూ లేదు. కిడ్నీలు పోయాక డయాలసిస్‌కు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, పోకముందు నడవడానికి ఫుట్‌పాత్ లేదు.

ఒక పథకం మాత్రం ఆ ఉద్దేశంతో పెట్టకపోయినా పని చేస్తోంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు. ఇంటి నుంచి స్టాపుదాకా, దిగాక ఆసుపత్రిదాకానో బజారుదాకానో నడక. బయటికి వెళ్లడమే అరుదైన ఆడవాళ్లకు అదీ లెక్కే.

ఇక చోటు ఎక్కడ అన్న ప్రశ్న. దీనికి హైదరాబాద్‌లో ఒక జవాబు దొరికింది. రాజేంద్రనగర్ ప్రాంతంలోని వాదీ–ఎ–మహమూద్‌లో ఉన్న మస్జిద్–ఎ–ముస్తఫా ఆవరణలో 2021 జనవరిలో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఆడవాళ్ల కోసమే జిమ్ తెరిచింది. చుట్టుపక్కల బస్తీల్లో ఆడవాళ్లకు షుగర్, బీపీ, ఊబకాయం పెరగడం చూసి చేసిన పని ఇది. నేర్పేది మహిళా ట్రైనరే. మసీదు ఆవరణ కాబట్టి ఇంట్లో అనుమతి అడగడం తేలికైంది. భర్త గానీ అత్తగారు గానీ "ఎక్కడికి?" అంటే చెప్పడానికి జవాబుంది. ఆ జిమ్‌లో మిషన్ల కన్నా విలువైనది ఆ జవాబే.

పామర్రు లాంటి చోట మిషన్లు అక్కర్లేదు. జిల్లాలో చాలా ఊళ్లలో షాదీఖానాలున్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో, ముఖ్యంగా రంజాన్‌లో, అవి తాళం వేసే ఉంటాయి. నాలుగు గోడలు, ఫ్యాన్లు, బాత్రూమ్, లోపలికి ఎవరి చూపూ పడని గేటు అన్నీ ఉన్నాయి. అసర్ తర్వాత ముప్పావు గంట, వారానికి మూడు రోజులు, పది చాపలు, రిటైరైన ఒక మహిళా వ్యాయామ టీచరు ఉంటే చాలు. డ్వాక్రా గ్రూపులో పొదుపు కోసం ఎటూ కలుసుకునే ఆడవాళ్లే మొదటి బ్యాచ్ కావచ్చు. హజ్‌కు పేరొచ్చిన దాదీ అక్కడే సాధన చేయొచ్చు, ఎనిమిదో తరగతి మనవరాలు అక్కడే తాడాట ఆడొచ్చు. షాదీఖానా లేని చోట జిల్లా పరిషత్ హైస్కూలు మైదానం ఉంది. బడి వదిలాక గేటు తీసి ఉంచాలా వద్దా అన్నది హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ కూర్చుని తేల్చుకోగలిగిన సంగతే, అమరావతి దాకా వెళ్లక్కర్లేదు. షాదీఖానా తాళం చెవి కూడా ఎక్కువ దూరంలో లేదు. జుమా రోజు మొదటి వరసలో నిలబడే నలుగురైదుగురు పెద్దల్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.